ఐదుకు నాలుగు వచ్చిన కాలు

మా పాలన్నను చంపింది మీరే.

ఆయనెవరో మాకు తెలియదంటారు. తెలియకుండానే చంపారు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మనిషి మంచం పక్కన నిలబడి "ఏమన్నారు?" అని అడిగి, "బాగుందన్నారు" అన్న జవాబు వినగానే హమ్మయ్య అనుకుని, పండ్ల సంచి అక్కడ పెట్టి చెప్పులు వేసుకునే ప్రతి ఒక్కరికీ ఇందులో వాటా ఉంది. నాకు ఇంకాస్త ఎక్కువే ఉంది. ఆ సంగతి దాచను, సమయం వచ్చినప్పుడు చెబుతాను.

ముందు వార్త. యాకుత్‌పురా స్టేషన్ వెనక మా గల్లీలో నలభై ఏళ్లు పాలు పోసిన మనిషి పోయిన మంగళవారం పొద్దున కన్నుమూశాడు. తుంటి ఎముక విరిగి మంచాన పడ్డ ఆరో వారంలో, ఊపిరితిత్తులకు నిమోనియా సోకి. కాగితం మీద నిమోనియా అనే రాశారు. అది అబద్ధమని నేను అనను. కానీ ఆయన్ని ఆ మంచం మీదికి తోసింది ఒక అంకె. నాలుగు అనే అంకె.

గల్లీలో హిందువులకూ ముసల్మానులకూ, పెద్దలకూ పిల్లలకూ ఆయన పాలన్నే. నాకంటే పదేళ్లు పెద్ద. ముందు ఇల్లు, వెనక కొట్టం, కొట్టంలో నాలుగు బర్రెలు. పొద్దున్నే సైకిల్‌కు క్యాన్లు తగిలించుకుని బయల్దేరేవాడు. మా గుమ్మం ముందు బెల్లు కొట్టేవాడు కాదు, నన్ను కెలికేవాడు. చిన్న పత్రికలకు వ్యాసాలు రాసుకునే, మీటింగుల్లో గొంతు చించుకునే మనిషి ఎదురింట్లో ఉంటే ఎవరికైనా సరదాగానే ఉంటుంది.

"ఏం తమ్మీ, ఇయ్యాల ఎవలను తిట్టినవ్?"

"ప్రభుత్వాన్ని అన్నా."

"అది రోజు తినేదే గద. మస్తు అలవాటైపోయింది దానికి. కొత్తోళ్లను ఎవలనన్న సూడు."

ఆయన కుర్చీలో కూర్చోగా నేను చూసిన గుర్తు లేదు. మా ఇంట్లో కుర్చీ లాగితే దాన్ని పక్కకు జరిపి, గోడ దగ్గర గొంతుకూర్చునేవాడు. "కుర్సీల కూసుంటే కాళ్లు నిద్రవోతయ్ తమ్మీ" అనేవాడు. పాలు పిండేటప్పుడూ అంతే. పీట లేదు, ఏమీ లేదు. బకెట్‌ను రెండు మోకాళ్ల మధ్య బిగించి, బర్రె పొట్టకు నుదురు ఆనించి కూర్చునేవాడు. పిండడం అయ్యాక నిండు బకెట్‌తో ఒక్క ఊపున లేచేవాడు. చెయ్యి నేలకు ఆనేది కాదు. బకెట్‌లో నురగ చెదిరేది కాదు. రోజుకు రెండు పూటలు, పూటకు నాలుగు బర్రెలు, నలభై ఏళ్లు. ఆ లెక్క మీరే వేసుకోండి. ఆయన తొడలు ఎట్లాంటివో తెలుస్తుంది.

ఒకసారి కార్వాన్‌లో ఉన్న తన బావమరిది కొట్టానికి, కొనబోయే బర్రెను చూడ్డానికి పోతూ నన్నూ తీసుకెళ్లాడు. నేను పోయింది నగరంలో పాడి బతుకుల మీద ఏదో రాద్దామని. బర్రె పడుకుని నెమరు వేస్తోంది. బావమరిది దాని పొదుగు గురించి, పాల గురించి, దాని తల్లి గురించి చెబుతూనే ఉన్నాడు. పాలన్న ఒక్క ముక్క వినకుండా ఎదురుగా గొంతుకూర్చున్నాడు. పావుగంట గడిచింది. అరగంట.

"లేపాల్నా బావా? ఒక్కటి ఏస్తే లేస్తది."

"వద్దు. దానంతటదే లేవని."

చివరికి బర్రె కదిలింది. బర్రె లేచేటప్పుడు మొదట వెనక కాళ్లు లేపుతుంది. ముందు మోకాళ్ల మీద ఉండి, వెనక భాగాన్ని పైకెత్తి, ఆ తర్వాత ముందు కాళ్లు తీస్తుంది. ఆ మధ్యలో ఒక క్షణం దాని బరువంతా వెనక కాళ్ల మీదే. ఆ క్షణంలో ఎడమ వెనక కాలు సన్నగా వణికింది. నేను చూడలేదు, ఆయన చెబితే తెలిసింది.

"వద్దు బామ్మర్దీ."

"గదేంది బావా? నిలబడ్డంక సూడు, గుర్రమోలె ఉంది!"

"నిలబడ్డ బర్రె అందరికి మంచిగనే కనబడ్తది. లేసేటప్పుడు సూడాలె."

ఆ మాటను నేను తర్వాత రెండు మీటింగుల్లో వాడుకున్నాను, సర్కారు పథకాల గురించి. చప్పట్లు బాగా పడ్డాయి. అవసరం పడ్డ చోట మాత్రం నాకు గుర్తు రాలేదు.

పోయిన వానాకాలంలో ఆయనకు లక్వా కొట్టింది. పక్షవాతం అంటే మా గల్లీలో సగం మందికి అర్థం కాదు, లక్వా అంటేనే తెలుస్తుంది. చెయ్యికి, మాటకు పెద్దగా దెబ్బ తగల్లేదు. ఎడమ కాలు మాత్రం మొద్దులా పడిపోయింది. పెద్దాసుపత్రిలో కొన్నాళ్లు ఉంచి, వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి రమ్మని ఇంటికి పంపారు. బర్రెలను ఆయన భార్య, మా వదిన, చూసుకోవాలి కాబట్టి, ఆటోలో ఆయన వెంట నేను వెళ్లేవాణ్ణి.

అక్కడ కాలి బలాన్ని ఎలా చూస్తారో మీకు తెలియాలి. మనిషిని మంచం అంచున కూర్చోబెట్టి, ముంగాలి మీద, మోకాలికీ పాదానికీ మధ్య, అరచెయ్యి ఆనించి "తొయ్యండి" అంటారు. కండరంలో అలికిడే లేకపోతే సున్నా. చర్మం కింద చిన్న కదలిక తగిలితే ఒకటి. కాలు పైకి లేవదు గానీ పరుపు మీద పక్కకు జరిగితే రెండు. తన బరువును తాను ఎత్తగలిగితే మూడు. ఎత్తి, పరీక్షించే చేతి ఒత్తిడిని కొంతైనా ఆపితే నాలుగు. పూర్తిగా ఆపితే ఐదు. ఇంతే. పరికరం ఏదీ లేదు, మనిషి చెయ్యే తూనిక.

మా గల్లీ దీన్ని ఏమనుకుందో తెలుసా? పరీక్ష మార్కులనుకుంది.

ఆటో దిగీ దిగకముందే మలుపులో ఉన్న హోటల్ భాయ్, ఈ వారం ఎన్ని మార్కులని, గల్లా దగ్గర నుంచి అరిచేవాడు. "పాలన్నా! ఇస్ హఫ్తే కిత్నే నంబర్?"

"రెండు భాయ్."

"అరే, ఫేల్! పాస్ కబ్ హోతే?"

వదిన నన్ను పక్కకు పిలిచి అడిగింది. "మూడొస్తే పాసేనా తమ్మీ? ఫికర్ లేదా ఇగ?"

పాసే వదినా అన్నాను. ఆ అంకె ఏమిటో అక్కడ నిలబడి విన్నవాణ్ణి, చదువుకున్నవాణ్ణి, నేనే అన్నాను. అక్కడితో ఆగలేదు. ట్యూషన్ మొదలుపెట్టాను. రోజూ సాయంత్రం నులక మంచం అంచున ఆయన్ని కూర్చోబెట్టి, ముంగాలి మీద నా చెయ్యి పెట్టి, "తన్ను అన్నా! ప్రభుత్వాన్ని తన్నినట్టు తన్ను!" అనేవాణ్ణి.

"ముప్పై ఏండ్ల సంది నువ్వే తన్నలేకపోయినవ్. ఇప్పుడు నాతోని తన్నిపిస్తవా?"

నవ్వేవాళ్లం. ఆ కాలు రోజురోజుకూ నా చేతిని ఇంకాస్త గట్టిగా నెట్టేది. మూడు వచ్చిన రోజు హోటల్ భాయ్ గల్లీలో కనిపించిన ప్రతివాడికీ చాయ్ పోశాడు. అంతా పండగలాగా ఉంది. ఆ సాయంత్రమే, చాయ్ గ్లాసు చేతిలో తిప్పుతూ, పాలన్న నాతో ఒక మాట అన్నాడు.

"తమ్మీ, కాలు తంతది గని లేస్తలేదు."

"అదేంది అన్నా? తన్నే కాలు లేవదా?"

"తన్నుడు వేరు, లేసుడు వేరు. కూసున్నకాడి నుంచి లేవాల్నంటే మీ వదిన బుజం గావాలె. సగం లేసినంక కాలు యాదిమరుస్తది."

అప్పుడు నేను ఆయనకు ధైర్యం గురించి ఉపన్యాసం ఇచ్చాను. మనసులో భయం పెట్టుకోకు, సంకల్పం ఉంటే లేస్తావు అన్నాను. పేదవాడి కష్టానికి వాడి సంకల్పలోపమే కారణమనే వాళ్లను ముప్పై ఏళ్లుగా కాగితం మీద ఉతికి ఆరేసినవాణ్ణి, నా ఎదురుగా ఉన్న పాల మనిషికి మాత్రం, నీ కాలిలో లోపం లేదు, నీ మనసులో ఉంది అని చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టాడు. చదువుకున్న తమ్ముడు చెప్పాడు కదా, నిజమేనేమో అనుకున్నాడు.

ఇక ఆ గురువారం. పొడుగాటి గది, ఒక్క మంచం, తలుపు బయట వరండా పొడుగునా జనం. అక్కడి ఫిజియోథెరపీ మేడమ్ కోస్తా వైపు నుంచి వచ్చినామె, బక్కపల్చటి మనిషి. పొద్దున్నుంచీ కాళ్లూ చేతులూ ఎత్తీ ఎత్తీ ఆమె భుజాలే వాలిపోయి ఉన్నాయి. పాలన్న ముంగాలి మీద చెయ్యి పెట్టి "తొయ్యండి బాబాయ్" అంది. నేను తలుపు దగ్గర నుంచి పిడికిలి బిగించి సైగ చేశాను. ఆయన తోశాడు. మేడమ్ చెప్పులు నున్నటి నేల మీద జర్రున జారి, ఆమె ఒక అడుగు వెనక్కి పోయింది. గదిలో వాళ్లంతా నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

"అమ్మో! నాలుగు బాబాయ్, మంచి నాలుగు. ఇంక మీకు నాతో పని లేదు. ఇంట్లో నడుచుకోండి, చాలు."

చీటీ మీద రాస్తోంది. పాలన్న మంచం దిగలేదు.

"మేడమ్, జర కింద కూసోని లేసి సూపెట్టనా?"

మేడమ్ తలుపు వైపు చూసింది. అక్కడ ఇద్దరు చక్రాల కుర్చీ కోసం కొట్లాడుకుంటున్నారు. "కాలు బాగుంది కదా బాబాయ్" అంది. పాలన్న అప్పుడు నా వైపు చూశాడు. ఆ చూపును నేను చచ్చేదాకా మోయాలి.

"పా అన్నా, పాసయినవ్" అన్నాను. "ఎనక మంది ఉన్నరు."

ఎనక మంది ఉన్నరు. ఈ దేశంలో పేదవాడికి మనం ఇచ్చే జవాబు మొత్తం ఈ మూడు మాటల్లో ఉంది. రేషన్ దుకాణం దగ్గర, తహశీల్ ఆఫీసులో, ఆసుపత్రి కిటికీ దగ్గర, జరుగు, ఎనక మంది ఉన్నరు. ఆ మాట అనే వాళ్లందరినీ తిట్టి పేరు తెచ్చుకున్నవాణ్ణి. ఆ రోజు ఆ మాట అన్నది గుమస్తా కాదు, నేను.

తొమ్మిదో రోజు పొద్దున వదిన గల్లీలో పాలు పోయడానికి పోయింది. అప్పటికి ఆఖరి బర్రెను పిండడం మిగిలి ఉంది. పాసైన మనిషి ఇంట్లో కూర్చుంటాడా? కొట్టంలోకి వెళ్లాడు. బకెట్ తీసుకున్నాడు. గొంతుకూర్చున్నాడు. పిండాడు కూడా, ముప్పావు బకెట్. లేవబోయాడు. సగం దాకా లేచాడు.

అరుపు విని నేను వెళ్లేసరికి బండల మీద ఎడమ వైపుకు ఒరిగి పడి ఉన్నాడు. బకెట్ ఆయన తల పక్కన నిటారుగా ఉంది. పడేటప్పుడు రెండు చేతులూ దాన్నే పట్టుకున్నాయి. చేతులు నేలకు ఆనించి ఉంటే ఎముక నిలిచేదేమో. నురగ కూడా చెదరలేదు.

"పాలు ఒలకలె తమ్మీ" అన్నాడు. పళ్లు బిగించి, మళ్లీ అన్నాడు. "ఐదుకు నాలుగు గద. ఆ తక్కువైన ఒక్క నంబర్ల వడ్డ."

నేను మర్నాడే ఫిజియోథెరపీ గదికి వెళ్లాను, కొట్లాటకే వెళ్లాను. వరండాలో జనం వినేలా అరిచాను. నిర్లక్ష్యం అన్నాను, హత్య అన్నాను. మేడమ్ అంతా విని, నన్ను అదే మంచం అంచున కూర్చోమంది. కుర్రతనంలో తప్ప వ్యాయామం ఎరగని నా ముంగాలి మీద చెయ్యి పెట్టి, "తొయ్యండి సార్" అంది. తోశాను. ఆమె చెయ్యి ఆపలేకపోయింది.

"చూశారా? మిమ్మల్నే ఆపలేకపోయాను. ఆయన నలభై ఏళ్లు గొంతుకూర్చుని లేచిన మనిషని మీరే ఇప్పుడు అరిచారు. సగం చచ్చిన ఆయన కాలు నా రెండు చేతుల కన్నా గట్టిది. నా చెయ్యి ఓడిపోయింది, లక్వా కాలు కదా అని ఒకటి తగ్గించి నాలుగు అని రాశాను. అది ఆయన కాలి కొలత కాదు సార్, నా చేతి కొలత."

"మరి ఎట్ల కొలవాలి?"

"చెయ్యి చాలని చోట కొలవడానికి చిన్న పరికరం ఉంటుంది. ఇక్కడా ఒకటి ఉంది, ఆ అలమారాలో. తాళం స్టోర్‌లో. స్టోర్ వాళ్లను అడిగితే అది పాడైపోతే ఎవరు బాధ్యులు అంటారు. అదీ లేకపోతే చేతులు కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమని గడియారం చూడాలి. రెండు కాళ్లూ విడివిడిగా చూసి, మంచి కాలితో పోల్చుకోవాలి. ఇదంతా మేము చదువుకున్నదే."

"కుర్చీ గూడ తాళంల ఉందా?"

ఆమె పక్కకు చూపించింది. గదిలో ఉన్న ఒకే ఒక్క కుర్చీ. ఏ ఆఫీసులోనో పనికిరాదని ఇక్కడికి తోసేసిన తిరుగుడు కుర్చీ, కింద చక్రాలు. "దీన్లోంచి లక్వా మనిషి లేవబోతే ఇది వెనక్కి పోతుంది సార్. గోడకు ఆనించే మామూలు కుర్చీ ఇవ్వమని మూడుసార్లు రాశాను." తర్వాత, గొంతు తగ్గించి అడిగింది. "ఆయన లేచి చూపిస్తానన్నారు. నేను చూడలేదు. అది నా తప్పే, ఒప్పుకుంటాను. కానీ పాస్ అని నేను అనలేదు సార్. ఆ మాట ఎవరన్నారు?"

అరవడానికి వచ్చిన మనిషి తల దించుకుని వరండా దాటాడు.

మీరంటారు, "అంత రద్దీలో ఆమె మాత్రం ఏం చేస్తుంది?" అదే నేనూ అడుగుతున్నాను. రద్దీ వానలా ఆకాశం నుంచి కురవలేదు. ఒక్క మనిషిని, ఒక్క మంచాన్ని పెట్టి సగం ఊరిని అక్కడికి పంపింది ఎవరు? ఇంకోటి కూడా అడుగుతాను. మంచం అంచున కూర్చోబెట్టి కాలు తోయించి, బాగుంది పో అంటే సరిపోయే కాళ్లు ఎవరివి? సోఫాలోంచి కారులోకి, కారులోంచి సోఫాలోకి పోయే కాళ్లవి. పాలు పిండేవాడు, చెప్పులు కుట్టేవాడు, బండలు పరిచేవాడు, నేల మీద పొయ్యి పెట్టుకునే ఆడమనిషి, వీళ్ల కాలికి అసలు పరీక్ష నేల మీదినుంచి లేవడం. ఆ ప్రశ్న చీటీలో లేనే లేదు. నువ్వేం పని చేస్తావు అని ఆయన్ని ఆ గదిలో ఎవరూ అడగలేదు. నాకు తెలుసు, నేను చెప్పలేదు.

తుంటికి ఆపరేషన్ చేస్తే గుండె తట్టుకోదన్నారు. ఇంటికి తెచ్చాం. ఆ ఆరు వారాలూ ఆయన నా మీద కోపం చూపించలేదు. అందుకే నాకు నిద్ర పట్టడం లేదు. దగ్గు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం కళ్లు తెరిచి అడిగాడు.

"ఏం తమ్మీ, దొరికిన్రా కొత్తోళ్లు, తిట్టనీకి?"

"దొరికిన్రు అన్నా."

"ఎవలు?"

"నేనే."

నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగి, వదిన వీపు నిమిరేదాకా ఆగలేదు. "గట్లైతే మంచిగ రాయి. సగంల లేసి పడకు" అన్నాడు. నాతో సరిగ్గా మాట్లాడిన చివరి మాట అదే.

నిన్న పొద్దున కొట్టంలోకి వెళ్లాను. వదిన బకెట్ పట్టుకుని నిలబడి ఉంది. ఆయన ఆఖరిసారి పిండిన బర్రె పడుకుని నెమరు వేస్తోంది.

"లేపాల్నా తమ్మీ?"

"వద్దు వదినా. దానంతటదే లేవని."

ఇద్దరం నిలబడ్డాం. గల్లీలో పాల కోసం ఎవరో పిలిచారు, మళ్లీ పిలిచారు. మేం కదల్లేదు. చాలాసేపటికి బర్రె వెనక భాగం పైకి లేచింది. ఆ ఒక్క క్షణం దాని బరువంతా వెనక కాళ్ల మీద ఆగింది. బతుకులో మొదటిసారి నేను ఆ కాళ్లను చూశాను.

మిత్రులు సంతాప సభ పెడదామన్నారు. పూలదండలు వద్దన్నాను. కావలసినవి ఇవి:

ఫిజియోథెరపీ జరిగే ప్రతి గదిలో గోడకు ఆనించిన, చక్రాలు లేని, చేతులు లేని ఒక కుర్చీ ఉండాలి. ఎదురుగా నడిచే గడియారం ఉండాలి.

అలమారాలో ఉన్న పరికరం తాళం, దాన్ని వాడే మనిషి దగ్గర ఉండాలి.

చేత్తో తోయించి వేసిన అంకె పక్కన, మనిషి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి పట్టిన సమయం కూడా రాయాలి. లేవలేకపోతే లేవలేడని రాయాలి.

రెండు కాళ్లనూ చూసి, రెండింటి బలాన్నీ రాయాలి.

ఏం పని చేస్తావు, ఎట్లా కూర్చుని చేస్తావు అని అడిగి చీటీ మీద మొదటి వరుసలో రాయాలి. నేల మీద కూర్చునే మనిషిని నేల మీదినుంచే లేపి చూడాలి.

ఒక్క మనిషి చేస్తున్న ఆ పనికి ఇంకో ఇద్దరిని పెట్టాలి.

ఇంటికొచ్చిన వాళ్లను ఎన్ని నంబర్లు వచ్చాయని గల్లీలో ఎవరూ అడగొద్దు. పాసైనావని ఎవరూ చెప్పొద్దు.

"జర లేసి సూపెట్టనా?" అని ఎవరైనా అడిగితే, వెనక ఎంతమంది ఉన్నా సరే, చూడాలి. లేచేదాకా చూడాలి.